మా తమ్ముడు, మన పొలం

ఆదివారం రాత్రి, నెల్లూరు.

పొద్దున ఆయన మైపాడు నుంచి వంజరం తెప్పించారు. మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టి, అది సన్నని సెగ మీద మరుగుతుండగా వంటగదిలోనే కూర్చుని నాటకం చివరి అంకం పూర్తి చేశాను. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ అది. మా పాప డిగ్రీ పరీక్ష కోసం నాలుగు సమాధానాలు బట్టీపట్టి పుస్తకాన్ని బీరువా మీద పడేస్తే, దుమ్ము దులపబోయి చదవడం మొదలుపెట్టిన నేను వారం రోజులుగా దాన్ని వదలలేకపోయాను.

పుస్తకం ముందుమాట నిండా కథానాయిక నోరా చివరికి ఇల్లు విడిచి వెళ్తూ వేసిన తలుపు చప్పుడు గురించే ఉంది. నన్ను పట్టి కుదిపింది మాత్రం ఆమె పెట్టిన సంతకం. జబ్బుపడిన భర్తను ఇటలీ తీసుకువెళ్ళి బతికించుకోవడానికి ఆమె 4,800 క్రోనర్లు అప్పు చేస్తుంది. భర్త అనుమతి లేనిదే భార్యకు అప్పు పుట్టని కాలం కనుక తండ్రి హామీ కావలసి వస్తుంది. మరణశయ్య మీద ఉన్న తండ్రిని అడగలేక ఆయన సంతకం తానే పెట్టేస్తుంది. పత్రం మీద తేదీ అక్టోబరు 2. తండ్రి పోయిందేమో సెప్టెంబరు 29న. ఇంత సాహసం చేసిన మనిషి తేదీ సరిచూసుకోలేదే అని మొదట నవ్వుకున్నాను గాని, తండ్రి పోయిన వారంలో ఏ కూతురు క్యాలెండరు చూస్తుందిలే అని తరువాత తోచింది.

ఆ అప్పును ఆమె తన బట్టల డబ్బులో మిగుల్చుకుని, నాటకం కథకు ముందటి ఏడాది చలికాలంలో రాత్రిళ్ళు గది గడియ వేసుకుని నకళ్ళు రాసి, కొద్దికొద్దిగా తీరుస్తుంది. అలా కూర్చుని సంపాదిస్తుంటే మగవాడినైనట్టు ఉండేదని స్నేహితురాలితో చెప్పుకుని మురిసిపోతుంది. భర్త హెల్మర్‌కు ఆమె భరతపక్షి, ఉడుత, డబ్బు నిలవని దుబారా మనిషి. ముద్దుపేర్ల మీద నాకు కోపం లేదు. మా ఆయన ఇరవైమూడేళ్ళుగా నన్ను ‘అమ్మణ్ణీ’ అనే పిలుస్తున్నారు, ఆ పిలుపు నాకు ఇష్టమే.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ పిలుపుతోనే కాగితాలు తెచ్చి ముందు పెట్టారు.

“అమ్మణ్ణీ, పెన్సిలు గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యి. మా తమ్ముడి రొయ్యల గుంటలకు అప్పు. మన అల్లూరు పొలం హామీ పెడతా ఉండాం. రేప్పొద్దున బ్యాంకులో ఇయ్యాల.”

ఆ ఎకరంన్నర మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చినది. పొలం దగ్గరికి వచ్చేసరికి ‘మన’, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ‘మా’. రెండు మాటలూ ఆయనకు తెలియకుండానే వచ్చాయి, అందుకే నాకు మరీ గట్టిగా తగిలాయి. పొద్దున చదివిన అంకంలో, ఆ దొంగసంతకం పట్టుకుని బెదిరించిన అప్పులవాడు మనసు మార్చుకుని పత్రం తిరిగి పంపగానే హెల్మర్ “నేను గట్టెక్కాను” అని అరుస్తాడు. “మరి నేను?” అని నోరా అడిగిన తరువాతే, నువ్వూ గట్టెక్కావులే అంటాడు. మా ఆయన అంత స్వార్థపరుడు కారు. అయినా ఆ ‘మా’ చెవిలో పడిన తరువాత పెన్ను మూత తీయడానికి చేయి రాలేదు.

“చదివి చేస్తానండీ,” అన్నాను.

“ఇన్నేళ్ళూ చదవకుండానే చేస్తివే?”

నిజమే. మా అమ్మది కలిగిరి దగ్గరి పల్లె. 1992లో పక్కనున్న దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నాటికి ఆమె రాత్రిబడికి వెళ్తుండేది. వాచకంలోని సారా వ్యతిరేక పాఠం సీతమ్మ కథను చదివి వినిపించమంటే కూడబలుక్కుంటూ చదివేది. సంతకం నేర్చుకున్నాక కరెంటు బిల్లయినా సరే పైన ఏముందో చదివిగాని పెన్ను పట్టేది కాదు. డిగ్రీ చదివిన నేను గుర్తులున్న చోటల్లా సంతకాలు పెడుతూ వచ్చాను.

ఇల్లు విడిచే ఆలోచన నాకు లేదు. జర్మనీలో ఈ నాటకం వేయబోయిన నటి, పిల్లలను వదిలి నేనైతే వెళ్ళనని పట్టుబడితే, ఇబ్సెన్ తానే మరో ముగింపు రాసిచ్చి, అది నాటకం మీద చేసిన అఘాయిత్యమని బాధపడ్డాడట. ఆ మార్పులో నోరా నిద్రపోతున్న పిల్లల గది గుమ్మం దగ్గర కూలబడుతుంది. నాటకంగా అది పేలవమే. అయినా ఆ నటిని తీసిపారేయడానికి నాకు మనసొప్పలేదు.

రాత్రి పులుసు పొద్దునకంటే రుచిగా ఉందని ఆయన అన్నారు. అంతకుమించి మాటలు లేవు. అందరూ పడుకున్నాక కళ్ళజోడు పెట్టుకుని, పాప నిఘంటువు పక్కన పెట్టుకుని కాగితాలు తెరిచాను. ఇప్పటి అప్పుకే కాక, మరిది ముందుముందు తీసుకోబోయే అప్పులన్నిటికీ పొలం హామీగా ఉంటుందని ఐదో పేజీలో ఉంది. పెన్సిలు గుర్తు సరిగ్గా ఆ పేరా పక్కనే ఉంది. ఈ సంగతి ఆయనకు తెలుసో, ఆయనా చదవలేదో పొద్దున్నే అడగాలి. ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి.