41వ రోజు కూలి ఎవరిస్తారు?

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు పుస్తకం తెరవకుండానే బోర్డు మీద 40 అని పెద్దగా రాశారు. "ఫ్రాన్సులో రాజు దగ్గర భూమి పుచ్చుకున్న ప్రభువు, ఏడాదికి 40 రోజులు రాజు తరఫున యుద్ధానికి రావాలి. అది ఆచారం. 41వ రోజు పొద్దున్నే గుర్రమెక్కి ఇంటికి పోవచ్చు. ముట్టడించిన కోట ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడు రాజు ఏం చేయాల్రా?" అన్నారు.

క్లాసంతా నిశ్శబ్దం. చివరి బెంచీలోంచి ఒకడు లేచి "కూలిచ్చి ఆపాలండి" అన్నాడు. వాళ్ల నాన్న కోతలకి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ. మాస్టారు ముఖం వెలిగిపోయింది. "మరి ఆ కూలి డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?" అని మళ్లీ అడిగారు. ఈ రెండు ప్రశ్నలు పట్టుకునే మాకు ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య జరిగిన నూరేళ్ల యుద్ధం మొత్తం చెప్పారు. మన పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని మనవాళ్లు ఫోన్ చేయగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ పాఠమే.

అవి సార్వా దమ్ముల రోజులు. ఒకరోజు మాస్టారు మమ్మల్ని స్కూలు వెనక కాలవ గట్టు దాటించి, దమ్ము చేసిన చేను దగ్గరికి తీసుకెళ్లారు. ఇసక నింపిన గోనె సంచి తెప్పించారు. పాతిక కిలోలుంటుంది. దాన్ని నా భుజాలకి తాడుతో కట్టి, "అవతలి గట్టు దాకా నడువు. నువ్వు ఫ్రెంచి నైట్‌వి, అంటే గుర్రపు యోధుడివి, ఒంటి మీద ఉక్కు కవచం ఉంది" అన్నారు. పది అడుగులు వేశానో లేదో మోకాళ్ల దాకా దిగబడ్డాను. ఒక కాలు పీకితే రెండోది ఇంకా లోపలికి పోతోంది. ఊపిరాడలేదు. పక్క గట్టు మీద నిలబెట్టిన మిగతా పిల్లలతో "వీడి మీద బంతులు విసరండి" అన్నారు. తల వంచుకోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను.

1415 అక్టోబర్ 25న ఫ్రాన్సులోని అజిన్‌కోర్ట్‌లో జరిగింది దాదాపు అదే. రెండు అడవుల మధ్య దున్నిన నేల, రాత్రంతా కురిసిన వాన. ఫ్రెంచి యోధులు కవచాలతో ఆ బురదలో నడిచి వస్తుంటే, ఇరువైపుల నుంచీ ఇంగ్లీషు విలుకాళ్లు బాణాలు కురిపించారు. అంతకు ముందు 1346లో క్రెసీలోనూ ఆ పొడుగు విల్లే ఫ్రెంచి గుర్రపు దళాన్ని కూల్చింది. మాస్టారు మాత్రం బురద దగ్గరా విల్లు దగ్గరా ఆగలేదు. "ఆ విలుకాడికి రోజుకి ఆరు పెన్నీల జీతం. ఒప్పందం రాసుకుని వచ్చాడు. 41వ రోజు కూడా ఉంటాడు" అన్నారు. మా అందరికీ తలలో దీపం వెలిగినట్టయింది.

ఫ్రాన్స్ ఆ సంగతి నేర్చుకోవడానికి చాలా దెబ్బలు తినాల్సి వచ్చింది. 1356లో పువాతియే దగ్గర ఏకంగా రాజు రెండో జాన్ శత్రువుకి చిక్కాడు. విడుదలకి 30 లక్షల బంగారు నాణేలు అడిగారు. ఆ సొమ్ము కోసం ఉప్పు మీద, ద్రాక్ష సారా మీద, సరుకుల మీద పన్నులు పడ్డాయి. రాజు కోసమని వేసిన పన్నులు ఆ తర్వాత కూడా పూర్తిగా పోలేదు.

యుద్ధం ఆగినప్పుడల్లా ఇంకో బాధ. జీతం అందని సైనికులు ముఠాలు కట్టి ఊళ్ల మీద పడేవాళ్లు. జనం వాళ్లకి పెట్టిన పేరుకి అర్థం 'తోలు వలిచేవాళ్లు'. ఈ ముఠాల భయమే రాజుకి కలిసొచ్చిందని నా నమ్మకం. దోపిడీ ఆగుతుందంటే పన్ను కట్టడానికి ఊళ్లు ఒప్పుకున్నాయి. 1439లో ఫ్రెంచి రాజు ఏడో చార్లెస్ ఆజ్ఞ ఇచ్చాడు: రాజు అనుమతి లేకుండా ఎవరూ సైన్యాన్ని పోగు చేయకూడదు, ప్రభువులు తమంతట తాము 'తాయ్' అనే నేరుగా జనం నుంచి వసూలు చేసే పన్ను వేయకూడదు. 1445లో ఏడాది పొడవునా జీతం తీసుకునే గుర్రపు దళాలు పెట్టాడు. 1448లో ప్రతి పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) నుంచి ఒక విలుకాణ్ణి తయారు చేయమన్నాడు. అతనికి ఆ పన్ను మాఫీ.

ఫిరంగుల వల్ల కోటలు కూలి, ప్రభువుల కథ ముగిసిందని మా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉండేది. మాస్టారు దానికి అస్సలు ఒప్పుకునేవారు కాదు. కంచు, మందుగుండు, లాగే ఎడ్లు, పేల్చడం తెలిసిన మనిషి, ఇవన్నీ పోషించగలిగే ఖజానా ఎవరికుందో చూడమనేవారు. చార్లెస్ దగ్గర ఆ లెక్క చూసింది జాన్ బ్యూరో, అతని తమ్ముడు గాస్పార్. 1453 జులై 17న కాస్టియోన్ దగ్గర బ్యూరో కందకం తవ్వించి ఫిరంగులు బారులు తీర్చాడు. ముసలి ఇంగ్లీషు సేనాని టాల్బట్ వాటికి ఎదురుగా దూకాడు. గుండు తగిలి గుర్రం కూలింది, దాని కింద పడి అక్కడే చనిపోయాడు. నూరేళ్ల యుద్ధం ఆ పొలంలోనే ముగిసింది.

నేను ఇప్పుడు ట్రెజరీలో పనిచేస్తున్నాను. నెలాఖరున జీతాల బిల్లులు పాస్ చేసేటప్పుడు, ఒక్కరోజు ఆలస్యమైతే జనం పడే టెన్షన్ చూసేటప్పుడు, ఆ 40 అంకె కళ్ల ముందు మెదులుతుంది.

అర్ధ సంవత్సర పరీక్షలో ఈ ప్రశ్నకి మూడు పేజీలు రాశాను. మాస్టారు పదికి తొమ్మిదిచ్చారు. ఒక్క మార్కు ఎందుకు పోయిందో మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాశారు: "తాయ్ పన్ను ఫ్రాన్సులో పెద్ద ప్రభువులు కట్టలేదు. ఎవరు కట్టారో నువ్వు రాయలేదు." మరుసటి రోజు స్టాఫ్ రూమ్‌కి వెళ్లి "రైతులండీ" అన్నాను. "అయితే రాసిరా" అన్నారు. అక్కడే నిలబడి ఆ పేజీ కింద రెండు వాక్యాలు రాశాను. ఆయన చదివి, తొమ్మిది కొట్టేసి పది వేశారు. ఆ పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది, మనం కలిసే రోజు తెస్తాను.