తెగిన వేళ్లకు వేసిన శాతం

మా తాతయ్య ఎడమ పాదానికి రెండే వేళ్లున్నాయి. మిగిలిన మూడింటిని 1962 డిసెంబరులో ఒక సైనిక ఆసుపత్రిలో తీసేశారు. చలికాలం తెల్లవారుజామున ఆయన నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి ఆ మొండిభాగానికి మర్దనా చేసుకుంటారు. తరువాత పాత పంచె చింపిన గుడ్డను నాలుగు మడతలు వేసి చెప్పు ముందుభాగంలో కూర్చి, దానిమీద పాదం మోపి అటూ ఇటూ ఒకసారి ఊగి, నిలబడగలనని నమ్మకం కుదిరాకే కర్ర అందుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ వరస మారలేదు.

గిద్దలూరు వైపు మెట్టపొలాల ఊరినుంచి వెళ్లి సైన్యంలో చేరిన ఆయనకు ఇరవై రెండేళ్ల వయసులో ఈశాన్య సరిహద్దుకు, అంటే అప్పటి నేఫాకు, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌కు బదిలీ అయింది. ఎండ తప్ప మంచు ఎరగని మనిషి, నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో, దాదాపు 13,700 అడుగుల ఎత్తున ఉన్న సేలా కనుమ దగ్గర కాపలా కాశారు. అక్టోబరు 20న నామ్కా చూ వాగు దగ్గర చైనా దాడి మొదలైంది. నవంబరు 17, 18 తేదీల మధ్య రాత్రి సేలానుంచి మన దళాలు వెనక్కి మళ్లినప్పుడు, పిక్కలో ఫిరంగి గుండు పెంకు దిగిన కాలితో, తోటి సిపాయి భుజంమీద చెయ్యి వేసి ఆయన కొండదారుల్లో రోజులతరబడి నడిచారు. బూటు తడిసి, గడ్డకట్టి, చివరికి దాన్ని కత్తితో కోసి తీయవలసి వచ్చిందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన వేళ్ల గురించి చెప్పరు, ఆ తోటి సిపాయి ఏమయ్యాడో తెలియలేదనే చెబుతారు.

1964లో మెడికల్ బోర్డు ఆయనను సేవకు పనికిరాడని తేల్చి, 30 శాతం వైకల్యం రాసి, రెండేళ్ల కాలానికి పింఛను ఇచ్చి ఇంటికి పంపింది. రెండేళ్ల తరువాత మళ్లీ పరీక్షకు పిలిచారు. వైద్యాధికారి పాదాన్ని పెన్సిలుతో అక్కడక్కడా నొక్కి చూసి, గదిలో ఈ గోడనుంచి ఆ గోడదాకా నడవమని చెప్పి, కాగితంమీద 15 శాతం అని రాశారు. వైకల్య పింఛనుకు 20 శాతం కనీస హద్దు కాబట్టి, ఆ ఒక్క అంకెతో పింఛను ఆగిపోయింది. తెగిపోయిన వేళ్లు రెండేళ్లలో తిరిగి మొలవవు. మానిపోయే జబ్బుకూ, శాశ్వతంగా పోయిన అవయవానికీ ఒకే రకమైన పునఃపరీక్ష పెట్టడం నాకు ఈనాటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. ఐదవ వేతన సంఘం తరువాత, 2001 ఫిబ్రవరి ఉత్తర్వుతో ప్రభుత్వం ఇలాంటి కాలానుగుణ పునఃపరీక్షలను తీసివేసింది. మా తాతయ్యకు మాత్రం అప్పటికి ముప్ఫై అయిదేళ్లు గడిచిపోయాయి.

ఆయన అడగలేదు. "ఇస్తే తీసుకోవాల గానీ చెయ్యి చాపగూడదు నాయనా" అనేవారు. అది దానం కాదనీ, హక్కు అనీ ఆయనను ఒప్పించడానికి నాకు చాలా కాలం పట్టింది. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన డిశ్చార్జి బుక్కు తీసి చూస్తే, సిరా వెలిసిన అక్షరాల్లో మంచు కాటు అని మాత్రమే ఉంది, పిక్కలోని పెంకు ముక్క ప్రస్తావనే లేదు. పాత కాగితాల కోసం రాస్తే, పింఛను లేనివారి రికార్డులను 25 ఏళ్లు దాటాక నిబంధనల ప్రకారం ధ్వంసం చేశామని జవాబు వచ్చింది. మిగిలింది సిపాయిల పేర్ల శాశ్వత పట్టిక అయిన లాంగ్ రోల్‌లోని ఒక్క వరస: నంబరు, పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, వదిలిన కారణం. పింఛను ఆపినందువల్ల పింఛను లేనివాడయ్యాడు, పింఛను లేనివాడైనందువల్ల అతని కాగితాలు పోయాయి. ఆ జవాబు చదివి వినిపించిన రోజు ఆయన ఏమీ అనకుండా లేచి గొడ్లకు మేత వేయడానికి వెళ్లిపోయారు.

దారి చూపింది సైనిక సంక్షేమ కార్యాలయంలో పరిచయమైన ఒక విశ్రాంత సుబేదారు గారు. వైకల్య పింఛను ఎవరికి ఇవ్వాలో చెప్పే 1982 నాటి అర్హతా నియమాల్లో, తన అర్హతను రుజువు చేసుకొమ్మని సైనికుణ్ణి అడగకూడదనీ, సహేతుకమైన అనుమానం ఏదైనా ఉంటే దాని లాభం అతనికే దక్కాలనీ స్పష్టంగా ఉందని ఆయన చెప్పేవరకూ మాకు తెలియదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. చేరేటప్పుడు వైద్య పరీక్షలో ఏ లోపమూ నమోదు కాని మనిషి వైకల్యంతో తిరిగివస్తే, అది సేవవల్ల కాదని చూపించవలసిన భారం ప్రభుత్వానిదేనని ఆ తీర్పు చెప్పింది. మేము ఇన్నేళ్లూ ఆ భారాన్ని మాదనుకుని మోశాము. ఇంకా మోస్తున్న కుటుంబాలు చదువుతాయనే ఇదంతా రాస్తున్నాను.

2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో మన ప్రాంతం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. అక్కడ వేసిన దరఖాస్తుపై వచ్చిన ఉత్తర్వులో 30 శాతాన్నే ప్రమాణంగా తీసుకుని, 50కి లోపు ఉన్నదాన్ని 50గా లెక్కించే పద్ధతి ప్రకారం పింఛను మంజూరు చేశారు. బకాయిలు మాత్రం దరఖాస్తుకు ముందు మూడేళ్లకే ఇచ్చారు. 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు అటువంటి కేసుల్లో పెట్టిన హద్దు అది. హక్కు తెలిసీ ఊరకున్నవాడి విషయంలో ఆ హద్దు సబబే కావచ్చు. చదువు అయిదో తరగతితో ఆగిన సిపాయికి ఫలానా చోట అప్పీలు చేసుకోవచ్చని ఒక్కరైనా చెప్పని సందర్భంలో కూడా అదే హద్దు గీయడాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. 1966నుంచి లెక్కవేస్తే నలభై ఏళ్లకు పైబడిన పింఛను ఏ లెక్కలోకీ రాలేదు.

ఏటా నవంబరులో బతికే ఉన్నానని ధ్రువపత్రం ఇవ్వాలి. నిరుడు నేనే తీసుకెళ్లాను. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం రెండుసార్లు ఒప్పుకోలేదు, మూడోసారి కంటిపాపతో పని అయింది. బయట అరుగుమీద కూర్చుని చెప్పు విప్పి, జరిగిపోయిన గుడ్డను సర్దుకుంటూ తాతయ్య తేదీ అడిగారు. పద్దెనిమిది అని చెప్పాను. ఆ మడతను ఇంకొంచెం లోపలికి తోసి, చెప్పు వేసుకుని, కాసేపు అక్కడే కూర్చున్నారు.