జగదల్‌పూర్‌లో డాక్టరమ్మ చిరునామా

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ అంటే అందరికీ చిత్రకోట్ జలపాతమే. నేనూ టికెట్ తీసుకున్నది దానికోసమే. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే బండిలో, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే, వెంట తెచ్చుకున్న ఒక పాత వ్యాసం తీశాను. ఒడియా కవయిత్రి, నవలాకారిణి కుంతలా కుమారి సాబత్ పుట్టింది జగదల్‌పూర్‌లోనట! ఇంకేం, ముందు ఆమె ఇల్లు, తర్వాతే జలపాతం అనుకున్నా.

స్టేషన్ బయట ఆటో అతనికి నా విరిగిన హిందీలో చెప్పాను, ఆమె డాక్టరని కూడా. "ఏ ఆస్పత్రిలో కూర్చుంటారు?" అన్నాడు. ఆవిడ 1938లోనే పోయారంటే నన్నోసారి ఎగాదిగా చూసి, సంజయ్ మార్కెట్ దగ్గర దింపేశాడు. నేనైనా ఏం చేసేవాణ్ణి, చేతిలో ఊరి పేరు తప్ప వీధి పేరు లేకపోతే! అక్కడి జనం మాట్లాడే హల్బీ భాష మాటల మధ్య గంటసేపు తిరిగి, టీ తాగి, ఇల్లు వెతకడం మానేశాను.

ఆలోచిస్తే ఆమెకు ఒక్క ఊరంటూ ఎక్కడుంది? పుట్టింది ఈ జగదల్‌పూర్ ఉన్న బస్తర్‌లో, క్రైస్తవ కుటుంబంలో. బాల్యం బర్మాలో. కటక్ మెడికల్ స్కూల్లో చదివి 1921లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాదే 'అంజలి' కవితా సంపుటి. 1928లో ఢిల్లీ చేరి, ఆర్యసమాజ పద్ధతిలో పెళ్లి చేసుకుని, అక్కడ 'మహావీర్', 'జీవన్', 'నారీ భారతి' లాంటి హిందీ పత్రికలు నడిపారు. పగలు రోగులు, రాత్రి ప్రూఫులు అని ఊహించుకుంటాను నేను. 'కాళీ బోహు' నవల పేరుకు అర్థం నల్ల కోడలు. ఆ రెండు మాటల్లోనే సగం కథ తెలిసిపోదూ! ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936లో. ఉత్కళ అంటే ఒడిశాకు పాత పేరే. అంటే 'ఉత్కళ భారతి' అని బిరుదు పొందిన మనిషి ఆ రాష్ట్రాన్ని చూసింది రెండేళ్లే.

చిత్రకోట్ బాగుంది. ఇంద్రావతి ఎర్రగా దూకుతోంది. ఫొటోలు మాత్రం నాలుగే తీశాను.

తిరుగు ప్రయాణంలో కోరాపుట్‌లో ఒకావిడ ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. స్టేషన్ బోర్డు మీద గుండ్రటి ఒడియా అక్షరాలను కూడబలుక్కుంటున్న నన్ను చూసి నవ్వారు. నోటుబుక్కు ఇచ్చి, కుంతలా కుమారి పేరు మీ లిపిలో రాసిస్తారా అని అడిగాను. ఎవరావిడ అని అడగలేదు. పెన్ను తీసుకుని, నేను చెప్పకుండానే చివర సాబత్ కూడా చేర్చి రాసిచ్చారు.