బాబ్ మౌల్డ్ గిటారు మోత: రెండు డయోడ్లు, ఒక 741, బోలెడంత ఉప్పుగాలి

అమెరికన్ గిటారిస్టు బాబ్ మౌల్డ్ రాక్ బ్యాండు షుగర్ మళ్లీ కలిసింది. 2025 అక్టోబరులో బాబ్ మౌల్డ్, డేవిడ్ బార్బ్, మాల్కం ట్రావిస్ ముగ్గురూ ఒక కొత్త పాట వదిలి, 2026 మే నెలకి న్యూయార్క్‌లో, లండన్‌లో షోలు ప్రకటించారు. అంతకుముందు 2025 మార్చిలోనే మౌల్డ్ సోలో ఆల్బమ్ 'హియర్ వి గో క్రేజీ' వచ్చింది. నవంబరులో న్యూమెరో గ్రూప్ వాళ్లు ఆయన మొదటి బ్యాండు హుస్కర్ డూ 1985 నాటి లైవ్ రికార్డింగులని నాలుగు ఎల్పీల పెట్టెగా తెచ్చారు. 65 ఏళ్ల మనిషి చుట్టూ ఒక్క ఏడాదిలో ఇంత సందడి!

వైజాగ్‌లో కూర్చుని గిటారు వాయించేవాళ్లకి వీటిలో అసలు పనికొచ్చేది ఆ పెట్టె. హుస్కర్ డూ పాత రికార్డుల మీద ఒక నింద ఎప్పట్నుంచో ఉంది: గిటారు పల్చగా, రేకు డబ్బా మోగినట్టు ఉంటుందని. దానికి అందరూ రికార్డింగునే తిడతారు. తిట్టడానికి కారణాలూ లేకపోలేదు. 1984లో వచ్చిన డబుల్ ఆల్బమ్ 'జెన్ ఆర్కేడ్'ని ముందు ఏడాది అక్టోబరులో 45 గంటల్లో రికార్డు చేసి, 40 గంటల్లో మిక్స్ చేశారు. మొత్తం ఖర్చు 3,200 డాలర్లు. రెండు పాటలు తప్ప అన్నీ మొదటి టేకులే. తర్వాతి ఆల్బమ్‌కి సొంత ప్రొడక్షన్ చేసుకుంటామని అడిగితే వాళ్ల రికార్డు కంపెనీ ఎస్.ఎస్.టి. ఒప్పుకోలేదు. 1985 సెప్టెంబరులో వచ్చిన 'ఫ్లిప్ యువర్ విగ్' నాటికి గానీ మౌల్డ్, డ్రమ్మర్ గ్రాంట్ హార్ట్ ఆ పని తమ చేతికి తెచ్చుకోలేదు.

అయితే పెట్టెలో మిన్నియాపొలిస్‌లోని ఫస్ట్ అవెన్యూ క్లబ్బులో 1985 జనవరి 30న వాయించిన షో వినండి. డ్రమ్స్ దగ్గరకొచ్చాయి, గ్రెగ్ నార్టన్ బేస్ విడిగా వినబడుతోంది, గిటారు మాత్రం అలాగే సన్నగా, రంపంలా ఉంది. అంటే తప్పంతా స్టూడియోది కాదు. సగం పని మౌల్డ్ కాలి కింద ఉన్న పసుపు రంగు పెడల్ డబ్బాది: ఎం.ఎక్స్.ఆర్. డిస్టార్షన్ ప్లస్. అది తక్కువ స్వరాలని కావాలనే కోస్తుంది. ఆ కోత వల్లే ముగ్గురు మనుషుల బ్యాండులో బేస్‌కి చోటు మిగిలింది. ఈ సంగతి తెలియక మనవాళ్లు యాంప్ మీద బేస్ నాబ్ ఏడుకి తిప్పి, 'అబ్బే, ఆ సౌండ్ రావడం లేదు' అంటారు. ఎలా వస్తుంది?

ఆ డబ్బాలో ఉన్నది చాలా చిన్న సర్క్యూట్. సిగ్నల్‌ని పెంచే ఒక 741 ఐసీ. దాని గెయిన్‌ని (ఎన్ని రెట్లు పెంచాలన్నది) నిర్ణయించేవి నాలుగు: ఫీడ్‌బ్యాక్‌లో 1 మెగా ఓమ్ రెసిస్టర్, రెండో కాలు నుంచి గ్రౌండుకి 4.7 కిలో ఓములు, దానితో వరసలో 500 కిలో ఓముల పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్), 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. పాట్ పూర్తిగా తిప్పితే 4.7 కిలో ఓములే మిగులుతాయి. గెయిన్ 213 రెట్లవుతుంది, అదే సమయంలో సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న స్వరాలు తగ్గడం మొదలవుతుంది. పాట్ మొత్తం వెనక్కి తిప్పితే గెయిన్ 3, కోత 7 హెర్ట్జ్ దగ్గర, అంటే కోత లేనట్టే. డిస్టార్షన్ పెంచే కొద్దీ బేస్ పోతుందన్నమాట. మౌల్డ్ మోత అంతా ఈ చివరి చుట్టులోనే ఉంది.

ఈ పెడల్‌ని మనమే తయారుచేసుకోవడానికి కావలసినవి: 1 మెగా ఓమ్ రెసిస్టర్లు నాలుగు, 10 కిలో ఓములవి రెండు, 4.7 కిలో ఒకటి. కెపాసిటర్లు కొట్లో నంబరు చెప్పి అడగండి: 102 రెండు, 103 ఒకటి, 473 ఒకటి, 1 మైక్రోఫారడ్‌వి రెండు. పాట్‌లు 500 కిలో, 10 కిలో. జెర్మేనియం డయోడ్లు రెండు, 741 ఐసీ, దాని బేసు, వెరో బోర్డు ముక్క, ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్, అవుట్‌పుట్‌కి మోనో జాక్, తొక్కుడు స్విచ్, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్, అల్యూమినియం డబ్బా. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లు తిరిగితే చాలావరకు దొరుకుతాయి. తొక్కుడు స్విచ్, డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే నయం.

తేడా కొట్టేది సిగ్నల్ అంచులు కోసి డిస్టార్షన్ పుట్టించే ఆ డయోడ్ల దగ్గర. జెర్మేనియం రకమైన 1ఎన్34ఎ పేరుతో అమ్మేవాటిలో సగానికి సగం వేరే రకం గాజు డయోడ్లే. కొన్న వెంటనే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి చూడండి. 0.2 నుంచి 0.35 మధ్య చూపిస్తే పనికొస్తుంది. 0.6 చూపిస్తే అది సిలికాన్. దానితోనూ పెడల్ పనిచేస్తుంది, శబ్దం కూడా పెద్దగా వస్తుంది, కానీ అంచులు గట్టిగా, విరిగినట్టు ఉంటాయి. పాత రేడియో మెకానిక్కుల డబ్బాల్లో ఓఏ79 దొరికితే వదలకండి, అవి అసలు సిసలు జెర్మేనియం. సోల్డరింగ్ చేసేటప్పుడు వీటి కాళ్లు పొడుగ్గా వదిలి, గాజుకీ ఐరన్‌కీ మధ్య ముక్కు పటకారుతో పట్టుకోండి. మూడు సెకన్లు దాటిందా, డయోడ్ గోవిందా. పైకి ఏమీ కనబడదు, డిస్టార్షన్ మాత్రం ఒక పక్కే కోసినట్టు వంకరగా వస్తుంది.

500 కిలో పాట్ అసలు డిజైన్‌లో రివర్స్ లాగ్, అంటే తిప్పే కొద్దీ విలువ సమంగా కాక వంపుగా మారే రకం. మన కొట్లలో ఇచ్చేది లీనియర్. అది పెడితే సగం తిప్పినా గెయిన్ 5 దాటదు. 20 నుంచి 213 దాకా మొత్తం చివరి పదో వంతులో ఇరుక్కుంటుంది. గోరంత కదిపితే కొండంత మార్పు. దీనికి విరుగుడు మామూలు లాగ్ పాట్ తీసుకుని బయటి కాళ్లని తారుమారుగా కలపడం. నాబ్ ఎడమకి తిప్పితే పెరుగుతుంది, అలవాటైపోతుంది.

బోర్డు అయ్యాక ఐసీ పెట్టి బ్యాటరీ తగిలించి కొలవండి. ఏడో కాలు దగ్గర 9 వోల్టులు, నాలుగు దగ్గర సున్నా, ఆరు దగ్గర నాలుగున్నరకి కాస్త అటూ ఇటూ ఉండాలి. మూడో కాలు 3.9 చూపిస్తే కంగారు పడొద్దు. అక్కడ రెసిస్టర్లు మెగా ఓములవి కాబట్టి మీటరే ఆ కాస్త వోల్టేజీని లాగేస్తుంది. ఆరో కాలు 8 దగ్గరో 1 దగ్గరో అతుక్కుపోతే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ జాయింటు ఊడినట్టే, లేదా మూడో కాలికి సగం వోల్టేజీ ఇచ్చే రెండు మెగా ఓమ్ రెసిస్టర్లలో (గోధుమ-నలుపు-ఆకుపచ్చ గీతలవి) ఒకదాని బదులు 10 కిలోది (గోధుమ-నలుపు-నారింజ) పెట్టేసినట్టే. ట్యూబ్‌లైట్ వెలుగులో ఈ పొరపాటు చెయ్యనివాళ్లు అరుదు. ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకి పెట్టే 102 మర్చిపోతే మాత్రం గిటారులో ఆకాశవాణి వార్తలు వినే యోగం పట్టొచ్చు.

ఇక మన ఊరి సంగతి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి చోట సముద్రం గాలి నేరుగా ఇంట్లోకే. ఈ సర్క్యూట్‌లో నాలుగు మెగా ఓమ్ రెసిస్టర్లు ఉన్నాయి కదా, సోల్డరింగ్ ఫ్లక్స్ మరకలు బోర్డు మీద అలాగే వదిలేస్తే అవి తేమని పీల్చుకుని ట్రాకుల మధ్య సన్నటి దారి వేస్తాయి. ఎండాకాలం నిశ్శబ్దంగా ఉన్న పెడల్ ఆగస్టులో చిటపటలాడటానికి కారణం ఇదే. పాత టూత్‌బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి బోర్డు వెనక వైపు రుద్ది, పూర్తిగా ఆరాకే మూత బిగించండి. డబ్బా స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి వాడండి. మామూలువి ఒక్క వర్షాకాలానికే తుప్పు పట్టి తల అరిగిపోతాయి. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కొట్టి ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వద్దు, దుమ్ము పట్టి రెండు నెలల్లో మొదటికొస్తుంది.

హమ్మింగ్ గొడవ వేరు. హుస్కర్ డూ రోజుల్లో మౌల్డ్ వాయించింది ఐబనేజ్ ఫ్లయింగ్ వీ, హంబకర్లు (హమ్మింగ్‌ని అణిచే జంట చుట్ల పికప్‌లు) ఉన్నది. తర్వాత సింగిల్ కాయిల్ (ఒంటి చుట్టు) పికప్‌ల స్ట్రాటోకాస్టర్‌కి మారారు. సింగిల్ కాయిల్ గిటారుకి 213 రెట్ల గెయిన్ ఇస్తే గదిలో ఉన్న ప్రతి కరెంటు వస్తువూ పాడుతుంది. మొదటి దొంగ ఫ్యాన్ రెగ్యులేటర్, తిప్పుడు రకం ఎలక్ట్రానిక్‌ది. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపడం జరిగే పని కాదు కాబట్టి ఫుల్ స్పీడులో పెట్టండి, బుర్రుమనే మోత చాలా తగ్గుతుంది. లేదా మెట్లుమెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయించండి. యాంప్ మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో దోపితే ఎర్త్ పోతుంది. అది హమ్మింగ్‌తో ఆగదు, తీగలు ముట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం కూడా.

బ్యాటరీ బదులు అడాప్టర్ పెట్టేవాళ్లు పోలారిటీ చూసుకోండి. పెడళ్లకి నడిమి పిన్ను నెగటివ్. కొట్లో దొరికే మామూలు అడాప్టర్లలో ఎక్కువ వాటికి నడిమిది పాజిటివ్. తిరగేసి పెడితే 741 ఒక్క క్షణంలో పోతుంది. సప్లయ్‌కి అడ్డంగా, గీత ఉన్న వైపు పాజిటివ్‌కి వచ్చేలా ఒక 1ఎన్4001 వేసుకుంటే ఆ బాధ ఉండదు.

సెట్టింగు దగ్గరకొస్తే, డిస్టార్షన్ నాబ్ చివరి దాకా, అవుట్‌పుట్ మూడొంతులు, యాంప్ క్లీన్ చానల్‌లో, బేస్ సగానికి తక్కువ. కార్డులు పట్టేటప్పుడు అన్నిటికన్నా సన్నటి రెండు తీగలు ఓపెన్‌గా మోగనివ్వండి, కుడి చెయ్యి ఆపకుండా. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ తీసెయ్యండి. స్టీరియో జాక్ పెట్టింది అందుకే, కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.