అద్దం వెనక ఎండ

"రోజూ ఎండ తగులుతూనే ఉందండీ," అన్నాను, మా పెంపుడు బల్లి బియర్డెడ్ డ్రాగన్‌ని చూపిస్తూ. "మీరు చెప్పే ఎండ కిటికీ అద్దంలోంచేనా?" అన్నారు డాక్టర్ గారు. నా నోట మాట లేదు.

అద్దం ఎండలోని యూవీబీ కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుందట. వెలుగు వస్తుంది, వేడి వస్తుంది. కాల్షియం ఒంటికి పట్టాలంటే కావాల్సిన కిరణాలు మాత్రం రావు. ఇంటికొచ్చి వాడి గూట్లో యూవీబీ బల్బు చూస్తే ఏడాదిన్నర పాతది, అందులో యూవీబీ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. వెలుగుతూనే ఉంది కదా, అనుమానం ఎందుకొస్తుంది!

దారిలో ఎంవీపీ రైతుబజార్‌లో పాలకూర బదులు మునగాకు తీసుకున్నాను. పాలకూర ఉన్న కాల్షియాన్నీ పట్టనివ్వదు. రోజూ అదే పెట్టాను వీడికి.

"పప్పులోకా?" అంది అమ్మ.

"కాదమ్మా, మన బియర్డెడ్ డ్రాగన్‌కి."

"ఆ బల్లికా!"

కొత్త బల్బు వచ్చేదాకా పొద్దున్నే బాల్కనీలో కాసేపు అసలైన ఎండ. పక్కన కర్ర పట్టుకుని నేను, కాకులకి కాపలా.