టోపీల కొట్టు మేడ మీద మొదటి రికార్డు

అమెరికాలోని బ్రిస్టల్ ఊళ్లో స్టేట్ స్ట్రీట్ నడిమధ్యన ఇత్తడి పలకలు వరసగా దిగేసి ఉంటాయి. వాటికి ఉత్తరాన వర్జీనియా, దక్షిణాన టెనెసీ. రోడ్డు దాటితే రాష్ట్రం మారుతుంది, భోజనం బిల్లు మీద పన్నూ మారుతుంది. నాక్స్‌విల్ నుంచి ఐ-40 హైవే మీద తూర్పుగా వచ్చి ఐ-81 పట్టుకుంటే రెండు గంటల దారి. వర్జీనియాలోకి దాటాక 3వ ఎగ్జిట్‌లో దిగాం.

వచ్చేదైతే శనివారం రండి. అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతానికి ఇక్కడో మ్యూజియం ఉంది, ఆ రోజు తెరిచి ఉంటుంది. సాయంత్రం దగ్గర్లోని హిల్టన్స్ అనే పల్లెలో పాటలూ వినొచ్చు. సోమవారం మ్యూజియానికి సెలవు. కారు రేసులప్పుడు, సెప్టెంబరు సంగీతోత్సవమప్పుడు గదులు దొరకవు, దొరికినా ధర చూసి గుండె జారుతుంది.

ముందుగా చూడాల్సిన చోట చూడ్డానికేమీ లేదు. టెనెసీ వైపు టేలర్-క్రిస్టియన్ టోపీల కంపెనీ భవనం ఉండేది. ఇప్పుడది లేదు, గుర్తుగా ఫలకం ఒకటుంది. 1927 ఆగస్టు 4న, తర్వాత కంట్రీ సంగీతంలో తొలి తారగా పేరుపడ్డ జిమ్మీ రాడ్జర్స్ ఆ భవనం మేడ మీద తన మొదటి రికార్డుకు పాడాడు. అప్పటికి ముప్పై నిండలేదు. రైల్వేలో పనిచేసినవాడు, క్షయ రోగి. ముందురోజు రాత్రి రికార్డు మీద ఎవరి పేరు వేయాలన్న తగువుతో జట్టు విడిపోయింది. దాంతో గిటార్ పట్టుకుని ఒంటరిగా పాడాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఆ తగువే అతనికి కలిసొచ్చింది. వాద్యాల వెనక్కి పోవాల్సిన గొంతు ముందుకొచ్చింది.

విక్టర్ అనే రికార్డుల కంపెనీ తరఫున పాటలు రికార్డు చేయడానికి రాల్ఫ్ పీర్ ఇద్దరు ఇంజనీర్లతో వచ్చి జులై 25 నుంచి ఆగస్టు 5 దాకా ఇక్కడే మకాం వేశాడు. 19 జట్లు, 76 పాటలు. మొదట్లో పాడేవాళ్లు తగినంతమంది రాలేదు. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే గాయకుడికి అంతకుముందు ఏడాది 3,600 డాలర్ల రాయల్టీ వచ్చిందని స్థానిక పత్రిక రాసింది. అంతే, కొండల్లోంచి జనం బారులు తీరారు.

రికార్డింగ్ తీరు తెలిస్తేగానీ ఆ పాటలు అలా ఎందుకున్నాయో అర్థం కాదు. టేపు లేదు. మైకులోంచి వచ్చిన ధ్వని నేరుగా తిరిగే మైనం దిమ్మ మీద గాడి కోస్తుంది. మైనాన్ని ముందే వెచ్చబెట్టి మెత్తబరచాలి. చల్లగా ఉంటే గాడి పెళుసుగా తెగి గరగర వస్తుంది. దిమ్మను తిప్పేది మోటారు కాదు, మెల్లగా కిందికి దిగే బరువు. కరెంటు ఎగుడుదిగుడైతే వేగం మారి శ్రుతి జారుతుందని ఆ ఏర్పాటు. పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. మన పద్యనాటకాల రికార్డుల్లో రాగాలాపన కత్తిరించి పాడిందీ ఈ లెక్కకే. దగ్గొచ్చినా, తాళానికి కాలు నేలకు తగిలినా ఆ దిమ్మ పోయినట్టే. పోనీ ఓసారి విని చూద్దామంటే, సూది పెట్టగానే మెత్తటి గాడి చెడుతుంది. అందుకే ఒక్కో పాటను వేర్వేరు దిమ్మల మీద ఒకటికి రెండుసార్లు పాడించేవాళ్లు.

1925కు ముందైతే మైకు లేదు, ధ్వనిని పట్టే పెద్ద కొమ్ములోకి గట్టిగా అరిచి పాడాలి. మైకు వచ్చాకే రాడ్జర్స్ లాంటి మెత్తని గొంతుకు చోటు దొరికింది. ఆ రోజు పాడిన రెండు పాటల్లో ఒకటి సైనికుడి ప్రేయసి గురించి, రెండోది జోలపాట. పీర్ కొత్త పాటలో, ఎవరి హక్కూ లేని పాత పాటలో అడిగేవాడు. హక్కుల రాబడి మీదే అతని కన్ను.

మైనం దిమ్మలు న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ ఫ్యాక్టరీకి వెళ్లాయి. అక్కడ లోహపు పూత పూసి, దాన్నుంచి అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు ఒత్తారు. ఒత్తే ముద్దలో రాతిపొడి, నల్లరంగు, వాటిని పట్టి ఉంచే లక్క. ఆ కాలంలో ప్రపంచానికి లక్క ఎక్కువగా పంపింది మన దేశమే. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ ఆ లక్కే.

2014లో తెరిచిన మ్యూజియం వర్జీనియా వైపుంది. రెండు గంటలు సరిపోతుందనుకోకండి. హెడ్‌ఫోన్లలో పాటలు పూర్తిగా వింటే మూడైనా పడుతుంది. లోపలే నడిచే రేడియో స్టేషన్‌ను అద్దంలోంచి చూడొచ్చు.

1927 ఆగస్టు మొదట్లోనే, కంట్రీ సంగీతంలో మరో పెద్ద పేరైన కార్టర్ కుటుంబమూ ఆ టోపీల భవనంలో మొదటిసారి రికార్డుకు పాడింది. గిటార్ వాయించిన మేబెల్‌కు పద్దెనిమిదేళ్లు, నిండు నెలలకు దగ్గరపడిన గర్భిణి. వాళ్ల లోయే హిల్టన్స్ పక్కనుంది. శనివారం రాత్రి ఏడున్నరకు పాటలు, డాన్సు. మద్యం నిషిద్ధం. ఫోన్ సిగ్నల్‌ను నమ్మకుండా మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

స్టేట్ స్ట్రీట్ పాతసామాన్ల కొట్లలో 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) కనబడితే కొనేముందు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గాడులు బూడిదరంగుకు తిరిగితే అరిగిపోయినట్టు. అంచు నుంచి లోపలికి సన్నటి పగులుంటే వదిలేయండి. ఇంట్లో ఎల్పీ (తర్వాత వచ్చిన సన్నగాడి రికార్డు) సూదితో వేయొద్దు, అది వెడల్పు గాడి అడుగున దొర్లి రొద చేస్తుంది. 78కి విడిగా లావు సూది కావాలి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. విమానంలో తెచ్చేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, చేతిసంచిలో నిలబెట్టి తెచ్చుకోవాలి.