నిద్ర ఖాతాలో తరుగు

గుండెకు స్టెంట్ వేశాక ఇంటికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "రెస్ట్ తీసుకో అన్నా, మంచిగ పండుకో." పండుకోవడానికేం, రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కేవాణ్ణి. నిద్రే వచ్చేది కాదు.

జూన్‌లో నాకు నొప్పి వచ్చింది తెల్లవారుజామున మూడింటికి, మంచి నిద్రలో. ఆ సంగతి ఒళ్లు మర్చిపోలేదు. ఎడమ పక్కకు తిరిగితే దిండులో గుండె చప్పుడు. కుడి పక్కకు తిరిగితే చప్పుడు వినబడడం లేదేమిటని భయం. గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టేవాణ్ణి. కాజీపేట వైపు రైలు కూస్తే అది ఏ బండో చెప్పగలిగేంత అలవాటైంది. మూడు దాటాక, ఈ రోజుకు గండం గడిచిందనుకుని కాస్త కునుకు తీసేవాణ్ణి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, కమీషన్ మీద రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. పద్దుల్లో తప్పులు రావడం మొదలైంది. తెలిసినాయన ఒకరు నిద్రమాత్ర ఇచ్చాడు. ఆ రాత్రి పడుకున్నాను గానీ, తెల్లారి తూలి బాత్రూమ్ తలుపుకు తల కొట్టుకున్నాను.

గుండె డాక్టర్ ఆ మాత్ర ఆపమని, ముందు గురక గురించి అడిగారు. "గురక లేదు సార్, రాత్రంత లేచి కూసుంటడు" అన్నది మా ఇంటామె. అయినా నిద్రలో శ్వాస ఆగే జబ్బు లేదని పరీక్ష చేయించి తేల్చుకున్నారు. నా మందుల చీటీ మొత్తం చదివి, వాటిలో నిద్ర చెడగొట్టేది ఏమైనా ఉందా అని చూశారు. ఆ తర్వాత నేనెప్పుడూ వినని పేరొకటి చెప్పారు: నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మాటలతో, అలవాట్లు మార్పించి చేసే వైద్యం. ఆన్‌లైన్‌లో కూడా చేస్తారట.

ఫోన్ వల్ల నిద్ర చెడుతుందని లోకమంతా అంటుంటే, ఫోన్‌లో నిద్ర వైద్యమేందని నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న మా బిడ్డ మాత్రం రెండ్రోజులు చదివి ఫోన్ చేసింది. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ థెరపీయే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పిందట. గుండె ఆరోగ్యానికి చూసుకోవాల్సిన ఏడు సంగతులకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో నిద్రను ఎనిమిదోదిగా కలిపిందట. "బీపీ, షుగర్ లెక్కనే నిద్ర కూడ చూసుకోవాలె బాపూ" అన్నది. వారానికో వీడియో కాల్, మధ్యలో చదివే పాఠాలు, రోజూ నింపే నిద్ర డైరీ. మొత్తం ఆరు వారాలు.

డైరీ రాయడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎన్నింటికి పడుకున్నాను, ఎంతసేపటికి పట్టింది, ఎన్నిసార్లు మెలకువ, ఎప్పుడు లేచాను, అన్నీ గీతలు కొట్టి రాశాను. వారం తర్వాత థెరపిస్టు మేడమ్ కూడి చూపించారు: రోజుకు మంచం మీద తొమ్మిది గంటలు, నిద్ర నాలుగున్నర. పత్తిలో తేమ 12 శాతం దాటితేనే సర్కారు పత్తి సంస్థ సీసీఐ వాళ్లు కొనరు, నా నిద్రలో తరుగు 50 శాతం! మంచం మీద ఉన్న సమయంలో కనీసం 85 శాతం నిద్ర ఉండాలట.

అందుకు ఆమె చెప్పిన దారి వింటే కోపమొచ్చింది. రాత్రి పన్నెండు దాకా పడుకోవద్దు. ఎట్లా పట్టినా ఐదున్నరకు లేవాలి. పగటి కునుకు వద్దు. ఇరవై నిమిషాలు గడిచినట్టనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలోకి పోవాలి. "నిద్ర లేక సస్తుంటే ఇంక తగ్గియ్యమంటరా మేడమ్? గుండె జబ్బోణ్ణి" అనేశాను. మీ డాక్టర్‌తో మాట్లాడాకే ఐదున్నర గంటలు పెట్టామని, అంతకన్నా తగ్గించబోమని ఆమె నిదానంగా చెప్పారు. పగలు నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి కొన్నాళ్లు బండి నడపొద్దన్నారు.

మొదటివారం బతుకమ్మ కలిసొచ్చింది. గల్లీలో ఆట అయ్యేదాకా అరుగు మీద కూర్చునేవాణ్ణి. సద్దుల బతుకమ్మ అయిపోయాక గల్లీ బోసిపోయింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏం చేయాలి? పాత పద్దు పుస్తకాలకు అట్టలు వేశాను. పల్లికాయ ఒలిచాను. పదకొండుకే కళ్లు మూతలు పడేవి. మూడు నెలలు నిద్ర కోసం దేవులాడినవాణ్ణి, అది గడప దాకా వస్తే కాసేపు ఆగమంటున్నాను.

రెండో వారం దుకాణంలో తక్‌పట్టీల మీదే, అంటే రైతులకిచ్చే లెక్క చీటీల మీదే, తల వాల్చాను. సేటు ఇంటికి పొమ్మన్నాడు. ఇక చాలనుకున్నాను. "ఆరు వారాలన్నరు గద, సగంల ఇడిస్తవా?" అని మా ఇంటామె వదల్లేదు.

అసలు ముడి విడింది నాలుగో కాల్‌లో. నాడి రాత్రికి ఎన్నిసార్లు చూస్తారని మేడమ్ అడిగారు. పది, పదిహేను సార్లు. ఎప్పుడైనా తేడా కనబడిందా? లేదు. మరెందుకు చూస్తున్నారు? "నేను మేల్కొని ఉంటే అది ఆగదని" అన్నాను. నోటితో అన్నాకే ఆ మాట ఎంత విడ్డూరమో తెలిసింది. నవ్వొచ్చింది, గొంతు కూడా పట్టుకుంది.

గోడ గడియారాన్ని ముందు గదిలోకి మార్చాం. ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం: డాక్టర్ చెప్పిన ఈ గుర్తులు కాగితం మీద రాసి అల్మారీకి అంటించాం. అవి ఉంటే వెంటనే 108కు ఫోన్. లేకపోతే మణికట్టు ముట్టొద్దు.

డైరీలో లెక్క 85 దాటిన వారమల్లా పడుకునే టైం పావుగంట ముందుకు జరిపారు. ఆరో వారానికి పదకొండుంబావుకు పడుకుని ఐదున్నరకు లేస్తున్నాను, అందులో నిద్ర ఐదున్నర గంటలు. ఇప్పుడు పదిన్నరకే పడుకుంటున్నాను. గుండె మందులు ఒక్కటీ తగ్గలేదు, దాని ఖాతా వేరు. చెకప్ ఉన్న ముందు రాత్రి ఇప్పటికీ నిద్ర పట్టదు.

మొన్న చీకటితో మెలకువ వచ్చింది. చేయి దానంతటదే మణికట్టు మీదికి పోయింది. తీసేసి దుప్పటి కప్పుకున్నాను. కాజీపేట వైపు రైలు కూసింది. ఏ బండో తెలియలేదు.